లినక్స్‌లో విండోస్ గేమ్ తెరుచుకోకపోతే: ఏ వరుసలో, ఎక్కడ వెతకాలి?

స్టీమ్‌లో 'ప్లే' బటన్ నొక్కుతారు. అది 'స్టాప్'గా మారుతుంది. పది సెకన్లు గడుస్తాయి. తెర మీద ఏమీ రాదు. బటన్ మళ్లీ 'ప్లే'గా మారిపోతుంది. తప్పు జరిగిందన్న సందేశం లేదు, ఎర్రర్ నంబర్ లేదు. లినక్స్‌కు కొత్తగా మారినవాళ్లను ఎక్కువగా విసిగించేది ఈ నిశ్శబ్దమే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని కంప్యూటర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. బాగానే పనిచేస్తున్న పాత యంత్రాన్ని పారేయలేక లినక్స్ వైపు చూసేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న గేమ్‌ల సంగతేమిటి? వాటిలో చాలా భాగం నడుస్తాయి. నడవనప్పుడు మాత్రం కారణం ఒక్కచోట ఉండదు. గేమ్‌లో, దాని యాంటీ చీట్‌లో, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో, డిస్క్‌లో, ప్రోటాన్ వెర్షన్‌లో, గేమ్ వాడే ఫైళ్లలో ఎక్కడైనా ఉండవచ్చు. తోచినట్టు అన్నీ మార్చేస్తే ఉన్న సమస్యకు మరో రెండు తోడవుతాయి. ఒక వరుస ప్రకారం, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేస్తూ వెళ్తే కారణం తొందరగా దొరుకుతుంది.

గేమ్ అసలెలా నడుస్తుంది?

విండోస్ కోసం తయారైన ప్రోగ్రామ్ ఫైల్ తెరవాలన్నా, శబ్దం వినిపించాలన్నా, తెర మీద బొమ్మ గీయాలన్నా విండోస్‌ను అడుగుతుంది. లినక్స్‌లో ఆ అడిగే భాష వేరు. ఈ రెండింటి మధ్య దుబాసీ పని చేసేది వైన్. 1993లో మొదలైన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఇంకో కంప్యూటర్‌ను అనుకరించదు. గేమ్‌లోని ప్రాసెసర్ ఆదేశాలు నేరుగానే నడుస్తాయి. విండోస్‌ను అడిగే పనులను మాత్రం వైన్ అందుకుని లినక్స్ పద్ధతిలో చేసిపెడుతుంది.

గేమ్‌లకు ఇది ఒక్కటే చాలదు. విండోస్ గేమ్‌లు ఎక్కువగా డైరెక్ట్‌ఎక్స్ ద్వారా బొమ్మలు గీస్తాయి. లినక్స్‌లో అది లేదు, వల్కన్ ఉంది. డైరెక్ట్3డీ 8 నుంచి 11 వరకు ఉన్న ఆదేశాలను వల్కన్‌లోకి మార్చేది డీఎక్స్‌వీకే. డైరెక్ట్3డీ 12కు ఆ పని చేసేది వీకేడీ3డీ ప్రోటాన్. వైన్‌ను, ఈ రెండింటినీ, మరికొన్ని భాగాలనూ ఒక్క మూటగా కట్టి, కోడ్‌వీవర్స్ సంస్థతో కలిసి వాల్వ్ 2018 ఆగస్టులో విడుదల చేసిందే ప్రోటాన్. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం కూడా దీని మీదే నడుస్తుంది.

మరో మాట తెలిసి ఉండాలి: ప్రిఫిక్స్. ప్రతి గేమ్‌కూ ప్రోటాన్ ఒక చిన్న నకిలీ విండోస్ డిస్క్‌ను ఫోల్డర్ రూపంలో తయారు చేస్తుంది. అందులో సీ డ్రైవ్, రిజిస్ట్రీ, యూజర్ ఫోల్డర్లు అన్నీ ఉంటాయి. ఒక గేమ్ ప్రిఫిక్స్ పాడైనంత మాత్రాన మిగతా గేమ్‌లకు ఏమీ కాదు. ఒక గేమ్ నడిచి పక్క గేమ్ నడవకపోవడానికి ఇదీ ఒక కారణం.

మొదటి ప్రశ్న: ఆ గేమ్ లినక్స్‌లో నడిచేదేనా?

గంటల తరబడి సెట్టింగ్‌లు మార్చే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. కొన్ని గేమ్‌లు ఎంత తంటాలు పడినా నడవవు. దానికి ప్రధాన కారణం యాంటీ చీట్, అంటే ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టుకునే కాపలా ప్రోగ్రామ్.

యాంటీ చీట్‌లలో కొన్ని విండోస్ కెర్నల్ లోపలే కూర్చుని పనిచేస్తాయి. వైన్ దగ్గర విండోస్ కెర్నల్ అంటూ లేదు కాబట్టి అవి ఇక్కడ పనిచేయలేవు. వాలరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ ఈ కోవలోదే. 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కూ వాన్‌గార్డ్ వచ్చింది, అంతవరకూ వైన్ మీద నడిచిన ఆ ఆట లినక్స్‌లో ఆగిపోయింది.

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ కథ వేరు. ఈ రెండూ ప్రోటాన్‌తో పనిచేసే ఏర్పాటు 2021లోనే వచ్చింది. దాన్ని ఆన్ చేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం గేమ్ తయారీదారులది. అందుకే ఒకే యాంటీ చీట్ ఉన్న రెండు గేమ్‌లలో ఒకటి నడుస్తుంది, ఇంకొకటి నడవదు. ఫోర్ట్‌నైట్‌కు ఎపిక్ సంస్థ ఆ అనుమతి ఇవ్వలేదు. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఏపెక్స్ లెజెండ్స్ అలాగే 2024 అక్టోబర్ చివర్లో లినక్స్‌కు తలుపు మూసింది. 2024 సెప్టెంబర్‌లో జీటీఏ ఆన్‌లైన్‌కు బ్యాటిల్‌ఐ చేర్చడంతో ఆ ఆన్‌లైన్ విభాగం లినక్స్‌లో నిలిచిపోయింది. అదే గేమ్‌లో ఒంటరిగా ఆడుకునే కథాభాగానికి ఇబ్బంది రాలేదు.

కాబట్టి మొదట ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో గేమ్ పేరు వెతకాలి. ఆడినవాళ్లు తమ గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్, ప్రోటాన్ వెర్షన్ వివరాలతో రాసిన అనుభవాలు అక్కడ ఉంటాయి. ప్లాటినం, గోల్డ్ లాంటి మొత్తం రేటింగ్ కన్నా ఇటీవలి తేదీతో ఉన్న రిపోర్టులు ముఖ్యం. రెండేళ్ల కిందట బంగారంలా నడిచిన గేమ్ మొన్నటి అప్‌డేట్‌తో ఆగిపోయి ఉండవచ్చు. తమ కార్డు లాంటిదే ఉన్నవాళ్లు ఏం రాశారో చూసుకోవాలి.

ఈ దశలో గడియారం మీద కూడా ఒక కన్ను ఉంచాలి. స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. తెర నల్లగా ఉండి గేమ్ వెనక నడుస్తున్నా ఆ సమయం ఆటలోనే లెక్కకు వస్తుంది. నల్ల తెరను అలాగే వదిలేసి భోజనానికి వెళ్తే వాపసు హక్కు పోతుంది.

ప్రోటాన్ అసలు నడుస్తోందా?

స్టీమ్ సెట్టింగ్స్‌లో 'కంపాటిబిలిటీ' అనే విభాగం ఉంటుంది. పాత స్టీమ్ వెర్షన్లలో, వాల్వ్ పరీక్షించిన గేమ్‌లకే కాక మిగతా అన్నింటికీ ప్రోటాన్ వాడే వీలును అక్కడ ఆన్ చేయాల్సి వచ్చేది. ఆ వెర్షన్లలో ఇన్‌స్టాల్ బటన్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే చాలాసార్లు ఇదే కారణం.

ప్రోటాన్‌తోపాటు 'స్టీమ్ లినక్స్ రన్‌టైమ్' అనే మరో భాగం కూడా డౌన్‌లోడ్ అవుతుంది. ఇటీవలి ప్రోటాన్ వెర్షన్లన్నీ దాని లోపలే నడుస్తాయి. ఇంటర్నెట్ మధ్యలో తెగి అది సగమే దిగితే ఒక్క గేమ్ కూడా తెరుచుకోదు. లైబ్రరీలో 'టూల్స్' జాబితా తెరిచి ప్రోటాన్‌కూ, రన్‌టైమ్‌కూ ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేయించాలి. గేమ్ ఫైళ్లకూ ప్రాపర్టీస్‌లో అదే తనిఖీ ఉంటుంది.

ఒక్క గేమ్ మాత్రమే నడవడం లేదా, ఏదీ నడవడం లేదా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ప్రోటాన్‌లో సాఫీగా నడుస్తుందని పేరున్న ఒక చిన్న ఉచిత విండోస్ గేమ్‌ను దించి చూస్తే చాలు. అదీ తెరుచుకోకపోతే సమస్య గేమ్‌ది కాదు, కంప్యూటర్‌ది. అప్పుడు డ్రైవర్, డిస్క్ చూడాలి. అది నడిస్తే ఆ రెండూ దాటి ప్రోటాన్ వెర్షన్ దగ్గరికి వెళ్లవచ్చు. అయితే నడవని గేమ్ వేరే డిస్క్‌లో ఉంటే డిస్క్ విభాగాన్ని వదలకూడదు.

గ్రాఫిక్స్ డ్రైవర్, వల్కన్

వల్కన్ లేనిదే డీఎక్స్‌వీకే లేదు. అది లేనిదే ప్రోటాన్ తన మామూలు పద్ధతిలో గేమ్ గీయలేదు. వల్కన్ టూల్స్ ప్యాకేజీ వేసుకుని టెర్మినల్‌లో వల్కన్‌ఇన్ఫో నడిపితే కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు పేరు కనిపించాలి. కార్డు పేరు బదులు 'ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్' అన్న ఒక్క పేరే కనిపిస్తే డ్రైవర్ పనిచేయడం లేదన్నమాట. బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. ఆ స్థితిలో గేమ్ తెరుచుకోదు, తెరుచుకున్నా నత్తనడక నడుస్తుంది.

ఎన్‌విడియా కార్డులకు సంస్థ ఇచ్చే డ్రైవర్ వేసుకోవాలి. వేసుకున్నా పనిచేయకపోతే సెక్యూర్ బూట్‌ను అనుమానించాలి. అది ఆన్‌లో ఉంటే, సంతకం నమోదు కాని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఉబుంటులో డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక వచ్చే నీలి తెరలో ఆ పాస్‌వర్డ్ కొట్టి సంతకాన్ని నమోదు చేయాలి. ఆ తెరను చూడకుండా దాటేసేవాళ్లు చాలామంది. డ్రైవర్ ఎక్కిందో లేదో టెర్మినల్‌లో ఎన్‌విడియా ఎస్ఎంఐ కమాండ్‌తో తెలుస్తుంది.

ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉండడం మామూలే. గేమ్ బలహీనమైన ఇంటెల్ చిప్‌ను పట్టుకుని మొరాయించవచ్చు. ఎన్‌విడియా కార్డు మీదే నడిపించడానికి చాలా డిస్ట్రిబ్యూషన్లలో ప్రైమ్ రన్ అనే కమాండ్ ఉంటుంది. దాన్ని గేమ్ లాంచ్ ఆప్షన్స్‌లో ముందు చేరిస్తే సరిపోతుంది.

పాత గేమ్‌లు చాలావరకు 32 బిట్‌వి. 64 బిట్ డ్రైవర్ ఉండి దాని 32 బిట్ లైబ్రరీలు లేకపోతే కొత్త గేమ్‌లు నడుస్తాయి, పాతవి నడవవు. 'పాత గేమే నడవడం లేదు, కొత్తది ఎలా నడుస్తోంది' అని ఆశ్చర్యపోయేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇదే.

అసలు ఇబ్బంది పాత కార్డులతోనే. 2022 నవంబర్‌లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. ఎన్‌విడియా జీటీఎక్స్ 600 సిరీస్, 700 సిరీస్‌లో ఎక్కువ కార్డులు 470 డ్రైవర్ దగ్గరే ఆగిపోయాయి, వాటికి వల్కన్ 1.3 లేదు. ఇంటెల్ మూడో, నాలుగో తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు వల్కన్ మద్దతు అసంపూర్ణం. ఇలాంటి యంత్రాలకు రెండు దారులున్నాయి. పాత డీఎక్స్‌వీకే ఉన్న ప్రోటాన్ 7.0ను ఎంచుకోవడం ఒకటి. వల్కన్‌ను పక్కన పెట్టి ఓపెన్‌జీఎల్ ద్వారా గీసే వైన్‌డీ3డీని ఆన్ చేయడం రెండోది. వేగం తగ్గుతుంది గానీ పాత చిన్న గేమ్‌లకు సరిపోతుంది. డైరెక్ట్3డీ 12 గేమ్‌ల మీద మాత్రం ఈ కార్డులతో ఆశ వదులుకోవాలి.

ఏఎండీ పాత కార్డుల్లో, ముఖ్యంగా హెచ్‌డీ 7000 సిరీస్ నాటివాటిలో, మరో చిక్కుంది. పాత కెర్నల్‌లు వాటికి 'రేడియాన్' డ్రైవర్‌ను తగిలిస్తాయి. దానితో వల్కన్ రాదు. బూట్ సెట్టింగ్‌లో 'ఏఎండీజీపీయూ' డ్రైవర్‌కు మారిస్తే వస్తుంది.

గేమ్ ఏ డిస్క్‌లో ఉంది?

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. విండోస్ డ్రైవ్‌లో 80 జీబీ గేమ్ ఇప్పటికే ఉంది కదా, మళ్లీ దించడం ఎందుకని అదే ఫోల్డర్‌ను లినక్స్ స్టీమ్‌కు చూపిస్తారు. ఆలోచన సబబే. కానీ ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటుంది.

ప్రోటాన్ తన ప్రిఫిక్స్‌లో 'సీ:' లాంటి పేర్లతో సింబాలిక్ లింకులు పెడుతుంది. కోలన్ గుర్తున్న పేరు విండోస్ దృష్టిలో చెల్లదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో వాటిని సృష్టించడం కుదరకపోవచ్చు. కుదిరినా, విండోస్ డిస్క్ తనిఖీలో అవి పాడైన ఫైళ్లుగా కనిపించవచ్చు. ఫైళ్ల యాజమాన్యం, అనుమతుల తేడాలు కూడా వీటికి తోడవుతాయి. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉన్న బయటి డ్రైవ్‌లకైతే సింబాలిక్ లింకులే లేవు.

ఇంకొకటి. విండోస్‌లోని 'ఫాస్ట్ స్టార్టప్' వల్ల షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా మూతపడదు. అలా సగం నిద్రలో ఉన్న డ్రైవ్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. గేమ్ ఏ ఫైలూ రాయలేక మూతపడుతుంది. విండోస్‌లోకి వెళ్లి ఆ సెట్టింగ్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రావాలి.

అన్నిటికన్నా మంచి పరిష్కారం గేమ్‌ను ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ విభజనకు తరలించడం. స్టీమ్‌లోనే ఫోల్డర్ మార్చే సౌకర్యం ఉంది, మళ్లీ దించక్కరలేదు. చోటు చాలకపోతే గేమ్ ఫైళ్లను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉంచి, ప్రిఫిక్స్‌లు ఉండే 'కంపాట్‌డేటా' ఫోల్డర్‌ను మాత్రం లినక్స్ విభజనలో పెట్టి లింకు కలపవచ్చు. లినక్స్ విభజనే అయినా, ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో 'యూజర్స్' అనే ఆప్షన్‌తో దాన్ని జోడించి ఉంటే ప్రోగ్రామ్‌లు నడపడానికి అనుమతి ఉండదు. దాని పక్కన 'ఎగ్జెక్' చేర్చాలి.

తెలుగువాళ్లు గమనించాల్సిన సంగతి కూడా ఒకటుంది. ఫోల్డర్లకు తెలుగులో 'ఆటలు' అని పేరు పెట్టుకోవడం లినక్స్‌లో ఇబ్బంది కాదు. కానీ యూనికోడ్‌కు ముందు పద్ధతిలో రాసిన పాత విండోస్ గేమ్‌లు ఒక్కో భాషకు ఉండే కోడ్ పేజీ మీద ఆధారపడతాయి. విండోస్‌లో తెలుగుకు అలాంటి కోడ్ పేజీయే లేదు, యూనికోడ్ ఒక్కటే ఉంది. దారిలో తెలుగు అక్షరాలుంటే అలాంటి గేమ్ తన ఫైళ్లనే తాను వెతుక్కోలేక మూతపడవచ్చు. గేమ్‌లు ఉండే ఫోల్డర్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచడం మేలు.

ప్రోటాన్ వెర్షన్ మార్చడం

గేమ్ ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ విభాగంలో ఏ ప్రోటాన్‌తో నడపాలో ఎంచుకోవచ్చు. మామూలు స్థిర వెర్షన్‌తో నడవకపోతే 'ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్' చూడాలి. కొత్త గేమ్‌లకు చేసే మరమ్మతులు ముందుగా అందులోకే వస్తాయి. గేమ్ తెరుచుకుని, పరిచయ వీడియో దగ్గర నల్లబడిపోతుంటే బయటి డెవలపర్లు తయారుచేసే 'జీఈ ప్రోటాన్' పనికొస్తుంది. వీడియోలకు సంబంధించిన అదనపు భాగాలు అందులో ఉంటాయి.

గేమ్‌కు లినక్స్ వెర్షన్ విడిగా ఉన్నా, అది ఏళ్ల తరబడి అప్‌డేట్ లేక పాడుబడి ఉండవచ్చు. అలాంటప్పుడు ప్రోటాన్‌ను బలవంతంగా ఎంచుకుంటే స్టీమ్ విండోస్ వెర్షన్ దించుతుంది. చాలాసార్లు అదే బాగా నడుస్తుంది.

అయితే వెర్షన్లను వరసపెట్టి మార్చడంలో ఒక ప్రమాదం ఉంది. డెనువో అనే కాపీ రక్షణ ఉన్న గేమ్‌లకు ప్రోటాన్ వెర్షన్ మారితే కంప్యూటరే మారినట్టు కనిపిస్తుంది. సాధారణంగా 24 గంటల్లో 5 కంప్యూటర్ల దాకానే అనుమతి. ఒక సాయంత్రం ఆరు వెర్షన్లు మార్చి చూసినవారు, సరైన వెర్షన్ దొరికాక కూడా మర్నాటిదాకా ఆగాల్సి వస్తుంది. గేమ్ స్టోర్ పేజీలో డెనువో ఉందని రాసి ఉంటే ప్రోటాన్‌డీబీ చూసి ఒకటి రెండు వెర్షన్లకే పరిమితం కావాలి.

ప్రిఫిక్స్‌ను కొత్తగా కట్టడం, ముందుగా సేవ్‌లను కాపాడుకోవడం

నిన్నటిదాకా నడిచిన గేమ్ ఈ రోజు నడవకపోతే ప్రిఫిక్స్ పాడై ఉండవచ్చు. స్టీమ్ లైబ్రరీలోని స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో కంపాట్‌డేటా, దానిలో ఒక్కో గేమ్‌కు ఒక్కో అంకె పేరుతో ఫోల్డర్ ఉంటాయి. గేమ్ స్టోర్ పేజీ చిరునామాలో కనిపించే అంకే అది. ఆ ఫోల్డర్‌ను తీసేస్తే, తర్వాత గేమ్ నొక్కినప్పుడు ప్రోటాన్ కొత్త ప్రిఫిక్స్ కడుతుంది.

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు. ఇన్నాళ్లూ ఆడిన ఆట సేవ్ ఫైళ్లు చాలా గేమ్‌లలో ఆ ఫోల్డర్ లోపలే ఉంటాయి. సీ డ్రైవ్‌లోని యూజర్స్, అందులో 'స్టీమ్‌యూజర్', దానిలో డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్, యాప్‌డేటా ఫోల్డర్లు వాటి నివాసం. స్టీమ్ క్లౌడ్ అన్ని గేమ్‌లకూ ఉండదు. కాబట్టి ఫోల్డర్‌ను డిలీట్ చేయకూడదు, పేరు మార్చి పక్కన ఉంచాలి. కొత్త ప్రిఫిక్స్‌తో గేమ్ తెరుచుకున్నాక పాతదానిలోంచి సేవ్ ఫైళ్లను తెచ్చుకోవచ్చు. తెరుచుకోకపోతే పాత పేరు తిరిగి పెట్టేస్తే చాలు, పోయేదేమీ ఉండదు.

లాగ్ చెప్పే మాట

ఇంతవరకూ దొరకని కారణాన్ని లాగ్ ఫైల్ చెబుతుంది. గేమ్ ప్రాపర్టీస్‌లోని 'లాంచ్ ఆప్షన్స్' గడిలో ప్రోటాన్, లాగ్ అనే రెండు మాటలను ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో రాయాలి. దాన్ని ఆనుకుని సమాన గుర్తు, 1 అంకె వేయాలి. తర్వాత ఒక ఖాళీ వదిలి, రెండు శాతం గుర్తుల మధ్య కమాండ్ అనే మాటను చిన్న అక్షరాల్లో రాయాలి. గేమ్‌ను మళ్లీ నొక్కితే హోమ్ ఫోల్డర్‌లో 'స్టీమ్' అనే మాట, గేమ్ అంకె కలిసిన పేరుతో లాగ్ ఫైల్ తయారవుతుంది.

అందులో వేల పంక్తులు ఉంటాయి. 'ఫిక్స్‌మీ' అని మొదలయ్యేవాటిని చూసి కంగారు పడనక్కరలేదు. వైన్‌లో ఇంకా పూర్తిగా రాయని భాగాల గురించిన గుర్తులవి, బాగా నడిచే గేమ్‌లలోనూ కనిపిస్తాయి. 'ఎర్' అని మొదలయ్యేవాటిని, అందులోనూ చివరి వంద పంక్తుల్లో ఉన్నవాటిని చూడాలి.

ఫలానా డీఎల్ఎల్ దొరకలేదన్న పంక్తి గానీ, సీ0000135 అన్న సంఖ్య గానీ ఉంటే గేమ్‌కు కావాల్సిన లైబ్రరీ ప్రిఫిక్స్‌లో లేదని అర్థం. ఎక్కువగా అది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రన్‌టైమ్ గానీ, డాట్‌నెట్ గానీ అయి ఉంటుంది. ప్రోటాన్‌ట్రిక్స్ అనే ఉపకరణంతో ఆ గేమ్ ప్రిఫిక్స్‌లోకి దాన్ని చేర్చవచ్చు. లాగ్ అడిగినదే వేయాలి. దొరికినవన్నీ వేస్తే ప్రిఫిక్స్ మరింత చెడుతుంది.

అడాప్టర్లు దొరకలేదని డీఎక్స్‌వీకే రాస్తే సమస్య వల్కన్‌ది, డ్రైవర్ విభాగానికి వెనక్కి వెళ్లాలి. సీ0000005 అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని తాకి కూలిపోయిందని. ఇది ఫలితమే తప్ప కారణం కాదు, దానికి కొంచెం పైనున్న పంక్తుల్లో కారణం వెతకాలి.

కొన్ని పెద్ద గేమ్‌లు మెమరీని లెక్కకు మించిన ముక్కలుగా వాడతాయి. ఒక ప్రోగ్రామ్‌కు ఎన్ని ముక్కలు ఇవ్వాలో చెప్పే కెర్నల్ పరిమితి పేరు మ్యాక్స్ మ్యాప్ కౌంట్. చాలాకాలంగా దాని సహజ విలువ 65530. ఫెడోరా 39, ఉబుంటు 24.04 దాన్ని 1048576కు పెంచాయి. పాత డిస్ట్రిబ్యూషన్ వాడేవాళ్లు సిస్‌కంట్రోల్ ద్వారా ఆ విలువ పెట్టుకోవాలి.

స్టీమ్ ఎలా వచ్చింది? బయటి గేమ్‌ల మాటేమిటి?

స్టీమ్‌ను ఎక్కడినుంచి ఇన్‌స్టాల్ చేశారన్నదీ లెక్కలోకి వస్తుంది. ఉబుంటు సాఫ్ట్‌వేర్ కేంద్రం ఇచ్చే స్నాప్ ప్యాకేజీతో సమస్యలు ఎక్కువగా వస్తున్నాయని, డెబ్ ప్యాకేజీ వాడుకోమని 2024లో వాల్వ్ డెవలపర్ ఒకరు బహిరంగంగానే సూచించారు. ఫ్లాట్‌ప్యాక్ స్టీమ్ బాగానే పనిచేస్తుంది గానీ, రెండు విషయాలు గుర్తుండాలి. వేరే డిస్క్‌లోని ఫోల్డర్‌ను చూసే అనుమతి దానికి విడిగా ఇవ్వాలి. ఎన్‌విడియా డ్రైవర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ కూడా చేయాలి. లోపలి డ్రైవర్ వెర్షన్, బయటి వెర్షన్ కలవకపోతే నిన్నటి గేమ్‌లన్నీ ఈ రోజు ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఎపిక్, జీఓజీ దుకాణాల్లో కొన్న గేమ్‌లకు హీరోయిక్ లాంచర్, మిగతావాటికి లుట్రిస్, బాటిల్స్ లాంటివి ఉన్నాయి. పేర్లు వేరైనా లోపల ఉండేది వైన్ లేదా ప్రోటానే, కాబట్టి పైన చెప్పిన వరుస వీటికీ వర్తిస్తుంది. యూబీసాఫ్ట్, ఈఏ, రాక్‌స్టార్ గేమ్‌లు తమ సొంత లాంచర్‌ను ముందు తెరుస్తాయి. ఆగేది చాలాసార్లు గేమ్ దగ్గర కాదు, ఆ లాంచర్ దగ్గర. లాంచర్ అప్‌డేట్ అయిన మర్నాడు గేమ్ నడవకపోతే కొత్త ప్రిఫిక్స్ కట్టి చూడటం మొదటి పని.

ఎవరో 'క్రాక్' చేసి పంచిన గేమ్‌ల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. లినక్స్ కాబట్టి విండోస్ వైరస్ ఏమీ చేయదన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. వైన్ సహజంగానే 'జెడ్:' డ్రైవ్ పేరుతో మొత్తం ఫైల్ వ్యవస్థను విండోస్ ప్రోగ్రామ్‌లకు చూపిస్తుంది. యూజర్ తెరవగల ఫొటోలు, పత్రాలు అన్నీ ఆ ప్రోగ్రామ్ కూడా తెరవగలదు.

ఎక్కడ ఆగాలి?

యాంటీ చీట్ అడ్డుపడితే మొదటి రోజే ఆగడం మంచిది. దాన్ని దాటేసే చిట్కాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి గానీ, వాటిని వాడితే ఖాతా శాశ్వతంగా నిషేధానికి గురయ్యే ప్రమాదం ఉంది. వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టినా ఇలాంటి యాంటీ చీట్‌లు చాలావరకు దాన్నీ గుర్తుపట్టి వెనక్కి పంపుతాయి. అలాంటి గేమ్ తప్పనిసరి అనుకునేవారు ఒక విభజనలో విండోస్ ఉంచుకోవాల్సిందే.

మిగతా సమస్యలకు ఈ వరుస చాలు: గేమ్ నడిచేదేనా, ప్రోటాన్ సరిగ్గా దిగిందా, వల్కన్‌లో కార్డు కనిపిస్తోందా, డిస్క్ లినక్స్‌దేనా, వెర్షన్ మారిస్తే తేడా ఉందా, కొత్త ప్రిఫిక్స్‌తో తెరుచుకుంటోందా, లాగ్ ఏమంటోంది. ప్రతి మార్పునూ ఒక కాగితం మీద రాసుకోవాలి. పనిచేయని మార్పును వెనక్కి తీశాకే తర్వాతిది చేయాలి. ఆఖరికి ఏది పనిచేసిందో ప్రోటాన్‌డీబీలో రెండు పంక్తులు రాసి పెడితే, అలాంటి కార్డే ఉన్న మరొకరికి ఒక సాయంత్రం మిగులుతుంది.